పసుపు పెట్టిన దరఖాస్తులు

మొన్న గిద్దలూరులో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా కుండలమ్మే చోట ఒకామె కుండను చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో తట్టి విన్నది. అమ్మేవాడు "పగుల్లేదమ్మా, నమ్ము" అంటున్నా వినకుండా తిప్పి ఇంకో పక్క తట్టింది. కుండను తట్టి చూడటం వింతేం కాదు, మా వైపు అందరూ తడతారు. కళ్ళు మూసుకుని వినడం మాత్రం నేను ఒక్క మనిషి దగ్గరే చూసినాను. ఆ మనిషిని తలచుకుంటూ ఉండగానే మార్కాపురం బస్సు వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఆ కండక్టరు ఏడు తరాలు నా నోట్లో నలిగేవి. ఆరోజు ఎవరినీ ఏమీ అనలేదు.

ఆమె పేరు రాయను. రాస్తే, "నా పేరు పుస్తకంలో ఎందుకేసినావు వదినా, నేనేమన్నా దొంగతనం చేసినానా?" అని పొదిలి నుంచి ఫోన్ చేస్తుంది. మా ఎదురింట్లో పదకొండేళ్ళు అద్దెకున్నది. నన్ను వదినా అనేది. ఆమె మొగుడు నన్ను అక్కా అనేవాడు. నేను ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్తాను కాబట్టి వీధిలో ఎవరికి ఏ కాగితం రాయాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆమె మాత్రం ఆ పదకొండేళ్ళలో ఒక్కసారే కాగితం కోసం వచ్చింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఆమెది చివరి బల్ల. చెక్క చట్రం బిగించే ముందు ప్రతి రాతి బిళ్ళా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, లోపలి పగులు కంటికి ఆనదు. తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. డుబ్బుమంటే పక్కకు. ఇరవై ఏళ్ళు అదే పని. ఆ అలవాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగుతుందా? మా ఇంటికొస్తే మాట్లాడుతూనే నా గిన్నెలు తట్టేది, పుచ్చకాయ తట్టేది. నేను కొత్తగా పెట్టించుకున్న తలుపు తట్టి, "లోపల డొల్ల వదినా, నిన్ను మోసం చేసినారు" అని మొహమ్మీదే చెప్పింది. ఆ తలుపు బేరమాడింది నేను. నన్ను మోసం చేసేవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదని వీధంతా చెప్పుకున్నదీ నేనే. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఐదో రోజు ఆమే వచ్చి, "కోపం దిగిందా? గోంగూర తెచ్చినా" అన్నది.

"పెళ్ళిచూపుల్లో మగోళ్ళని గూడా ఇట్ల తట్టి చూసుకునే ఏర్పాటుంటే ఎంత బాగుండు వదినా," అన్నది ఒకసారి.

అక్కడే కూర్చున్న మొగుడు, "నన్ను తట్టింటే ఏ పక్కన పెట్టిందువు?" అన్నాడు.

"రెండో రకంలో. పారెయ్యరులే. చిన్న ఊర్లకు పంపుతారు."

పలకలకు గిరాకీ పడిపోతూ పడిపోతూ, ఒక ఏడు ఉగాది దాటిన వారానికి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఓనరు మంచివాడే, చేతులు కట్టుకుని నిలబడి, "ఇంక నావల్ల కాదమ్మా" అన్నాడంట. మిగతా ఆడవాళ్ళు గేటు దగ్గరే కూర్చుని ఏడ్చినారు. ఈమె టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఫ్యాక్టరీ మూసేసినారు వదినా. నాకొక కాగితం రాయి. పని కోసం."

"నీకు ఏడుపు రాలేదేందే?"

"ఏడ్చేవాళ్ళు శానామంది ఉండారు ఆడ. నేను గూడా కూర్చుంటే పని ఎవరు ఎతుకుతారు?"

ఆ తొందర ఎందుకో నాకు తెలుసు. ఆమె మొగుడు రాతి గనిలో లోడింగు చేసేవాడు, ఆ పనీ అంతంతమాత్రమే. అతని తమ్ముడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. పక్క అపార్టుమెంటుకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కావాలని, మెట్ల కింద గది ఇస్తారని ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. ఫ్యాక్టరీ మూతపడిన రాత్రే మొగుడు తేల్చేసినాడు: బడులు తెరిచేలోపు నీకు ఇక్కడ పని దొరికితే ఉందాం, దొరక్కపోతే పోదాం. వాళ్ళకు ఒక్కతే కూతురు. తొమ్మిది పూర్తయి పదిలోకి వస్తున్నది. లెక్కల్లో బడికంతా ఫస్టు.

"ఆ మెట్ల కింద గది నేను చూసినా వదినా," అన్నది. "కాళ్ళు చాపితే తలుపు తగులుద్ది. మా పిల్ల ఆడ పదో తరగతి చదవలేదు."

ఆమె నా ముందు కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుందేమో అని చూసినాను. పెట్టుకోలేదు. "ఊ, రాయి," అన్నది.

రాసినాను. నా చదువంతా చూపించి రాసినాను. ఎనిమిదో తరగతిని పదో తరగతి చేసినాను. నలభై ఒకటిని ముప్పై నాలుగు చేసినాను. పలకలు తట్టడాన్ని క్వాలిటీ సూపర్‌వైజర్ చేసినాను. చదివి వినిపించమన్నది. చదివినాను. చెంప మీద చెయ్యి పెట్టుకుని అంతా విని, "ఎవరో గానీ ఈమె శానా బాగుంది వదినా. ఈమెకు పని ఊరికే దొరుకుద్ది. నాకు గూడా ఒకటి రాయి," అన్నది.

నేను వాదించినాను. అందరూ ఇట్లనే రాస్తారన్నాను. నిజం రాస్తే గేటు లోపలికి కూడా రానియ్యరన్నాను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా కాలేజీలో లేరు. ఆమె వాదించలేదు, కొత్త కాగితం నా ముందుకు జరిపింది. మళ్ళీ రాసినాను. ఎనిమిది, నలభై ఒకటి, పలకలు తట్టడం.

దాన్ని ఇరవై జిరాక్సులు తీయించింది. మర్నాడు పొద్దున చూద్దును గదా, వాకిట్లో కూర్చుని ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు పెడుతున్నది. పెళ్ళి శుభలేఖకు పెట్టినట్టు!

"ఏమే, నీకు పిచ్చా? అది దరఖాస్తే! పసుపు పెడితే నవ్వుతారే!"

"మంచి పనికి పోయే కాగితం వదినా. ఒట్టిగా ఎట్ల పంపేది?"

"ఆఫీసుల్లో ఇట్లాంటివి పెట్టరు."

"నేనేమో ఆఫీసులో ఎప్పుడూ పని చెయ్యలా. పెళ్ళిళ్ళే చేసినా. నాకు తెలిసిందే పెడతా."

నవ్వినారు కూడా. బట్టల దుకాణంలో క్యాషియరు, "పెళ్ళెవరిదమ్మా?" అని అడిగినాడంట. "నాదే. వచ్చి అక్షింతలేస్తే చాలు," అన్నదంట. అక్కడ పాతికేళ్ళ లోపు పిల్లలే కావాలన్నారు. ఆ మాట విని నేను ఊరుకుంటానా? కాలేజీ నుంచి వస్తూ అదే దుకాణానికి పోయి, "ముప్పై దాటితే చీర మడత పెట్టడం మర్చిపోతారా? మీ ఇంట్లో చీరలు కట్టేది పాతికేళ్ళ లోపువాళ్ళేనా?" అని అడిగినాను. సంగతి తెలిసి ఆమె నా మీద కోప్పడింది. ఆ పదకొండేళ్ళలో అదొక్కసారే. "నీ నోరు నా పనికి అడ్డం వదినా. ఆ గడప నాకు మళ్ళా పనికొచ్చేది. నువ్వు కాలబెట్టి వచ్చినావు," అన్నది.

ఫ్యాక్టరీ లేకపోయినా పొద్దున ఎనిమిదిన్నరకు తల దువ్వుకుని, క్యారియర్ తీసుకుని బయల్దేరేది. "యాడికే?" అంటే, "డ్యూటీకి" అనేది. పని వెతకడమే డ్యూటీ. టైము తప్పితే ఒళ్ళు మర్చిపోతుందంట. మధ్యాహ్నం ఎక్కడ పని లేదన్నారో అక్కడే మెట్ల మీద కూర్చుని అన్నం తినేది. పొమ్మన్న వాళ్ళనే మంచినీళ్ళు అడిగేది. వాళ్ళకే ఊరగాయ పెట్టేది. అట్ల రెండు పచ్చళ్ళ ఆర్డర్లు కూడా తెచ్చుకున్నది. సాయంత్రం వచ్చి, "ఈరోజు యాడ పని లేదో తెలిసింది వదినా. రేపు ఆ పక్కకు పోయే పని లేదు," అని చెప్పి కాళ్ళు కడుక్కునేది. పని లేదనిపించుకుని వచ్చిన మనిషిలాగా ఉండేది కాదు, తన పొలం గట్లు తిరిగి చూసుకుని వచ్చిన రైతులాగా ఉండేది.

ప్రైవేటు బడి బస్సులో ఆయాగా చేరింది. ఆమెకు బస్సు పడదు. పిల్లల వాంతులు కడగడానికి చేరిన మనిషి పిల్లలకంటే ముందు వాంతి చేసుకున్నది. నాలుగు రోజులు నిమ్మకాయ వాసన చూస్తూ ఓర్చుకున్నది, ఐదో రోజు వాళ్ళే వద్దన్నారు. ఒక హోటల్లో పిండి రుబ్బే పనికి చేరితే పది రోజులకు వాళ్ళు మిషను కొనుక్కున్నారు. "నన్ను చూసి నేర్చుకున్నది వదినా ఆ మిషను," అని నవ్వింది.

టైల్సు దుకాణంలో పని ఒక్క పూటే. పొద్దున చేరింది. పదకొండుకు దర్శి నుంచి ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్ళు వచ్చినారు. పెట్టెలు దింపి చూపించమని ఓనరు ఈమెతో చెప్పినాడు. చూపించేటప్పుడు చెయ్యి ఊరుకుంటుందా? కళ్ళు మూసుకుని తట్టింది. "ఈ మూడు పెట్టెలు వద్దన్నా, లోపల పగిలినాయి" అని గిరాకీ ఎదురుగానే తీసి పక్కన పెట్టింది. పెట్టెలు విప్పితే నిజంగానే పగిలినాయి. వాళ్ళు మొత్తం బేరమే వదులుకుని పోయినారు. మధ్యాహ్నం అన్నానికి ఆమె ఇంట్లో ఉన్నది.

"చెడ్డది పక్కనబెట్టడమే పని అనుకున్నా వదినా ఇరవై ఏళ్ళు. ఆడ చెడ్డది అమ్మడం పనంట. ఆ మాట చేరేటప్పుడే చెప్పాల గదా?"

నేను పడీ పడీ నవ్వినాను. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గోడకున్న క్యాలెండరు వైపు ఒకసారి చూసింది. అప్పటికి ఏప్రిల్ సగమైపోయింది.

ఇంతలో పార్సిళ్ళ ఆఫీసు ముందు ఒక బోర్డు పెట్టినారు. ఫోన్లో ఆర్డరిచ్చిన సామాన్లు ఇంటింటికీ చేర్చే ఆఫీసు. మనుషులు కావాలి, బండి, లైసెన్సు, ఫోను ఉండాలి అని. ఇంచార్జికి పాతికేళ్ళుంటాయేమో. ఈమె పసుపు కాగితం చూసి, "ఆంటీ, బండుందా?" అన్నాడు. లేదన్నది. "లైసెన్సు?" లేదన్నది. "మంచి ఫోను?" అదీ లేదు. "మరి దేనికొచ్చినావు ఆంటీ?" అన్నాడు. "ఏమేం కావాలో అడిగి పోదామని వచ్చినా. మూడు గదా? తెస్తా నాయనా, జూన్ లోపల," అని చెప్పి వచ్చేసింది.

నాతో చెప్తే, "నీకు సైకిలే రాదు కదే!" అన్నాను.

"రాదు. నీ స్కూటీ సాయంత్రం పూట ఊరికే ఉంటాది గదా వదినా?"

ఆ వేసవంతా సాయంత్రాలు మా కాలేజీ గ్రౌండులో గడిచినాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నా స్కూటీ ఎక్కి కూర్చునేది. నేను వెనక పట్టుకుని పరిగెత్తేదాన్ని. నా వయసేంది, నా ఒళ్ళేంది, నేను పరిగెత్తడమేంది! ఎక్సలేటరును చెవి అనేది. "చెవి మెలేస్తే పరిగెత్తుద్ది, వదిలేస్తే ఊరుకుంటుంది. మా మరిది చిన్నప్పుడు ఇంతే," అనేది. మూడో రోజు ఆ చెవి మరీ మెలేసి వాలీబాల్ నెట్లోకి పోయి పడింది. బండి అద్దం విరిగింది. ఆమె మోకాలు చీరుకుపోయింది. నేను పరిగెత్తుకుంటూ పోయి నోటికొచ్చినట్టు తిట్టినాను, భయమేస్తే నాకు తిట్లే వస్తాయి. ఆమె లేచి ముందు బండిని లేపింది. "మోకాలు నాదే వదినా, మళ్ళా తోలొస్తాది. నీ అద్దమే రాదు," అన్నది. మర్నాడు కుంటుకుంటూ అదే టైముకు వచ్చింది.

లైసెన్సుకు ముందు రాయాల్సిన ఎల్లెల్లార్ పరీక్ష కంప్యూటరు మీద. మొదటిసారి తప్పింది. నాలుగు రోడ్ల కూడలిలో ముందెవరు పోవాలన్న ప్రశ్న దగ్గర, "ముసలోళ్ళని ముందు పోనియ్యాల గదా సార్, ఆ జవాబు దీంట్లో పెట్టలేదేంది?" అని అక్కడి క్లర్కును అడిగిందంట. రెండోసారి పాసయింది. మొగుడి పాత ఫోనును కూతురు శుభ్రం చేసి, మ్యాపు ఎట్ల చూడాలో, ఫోటో ఎట్ల తియ్యాలో నేర్పింది. అమ్మ తప్పు నొక్కితే ఆ పిల్ల, "మళ్ళా చెయ్యి" అనేది, అచ్చం టీచరులాగా. ఈమె బుద్ధిగా మళ్ళా చేసేది.

ప్రతి సోమవారం పార్సిళ్ళ ఆఫీసుకు పోయి ఇంచార్జికి కనపడి వచ్చేది. "ఒకటి వచ్చింది నాయనా, ఇంకా రెండున్నాయి." ఇంకో వారం, "రెండొచ్చినాయి." ఎండలకు తట్టుకోలేక డెలివరీ పిల్లోళ్ళు ఒకడి తర్వాత ఒకడు మానేస్తున్నారు. అయినా అతను పని ఇస్తానని ఒక్క మాట అనలేదు. మా ఎండల సంగతి మీకు తెలియకపోతే చెప్తాను, మేలో మధ్యాహ్నం పూట మా వీధిలో కుక్క కూడా రోడ్డు దాటదు. ఈమె అందులోనే తిరిగింది. ఒక్కరోజు మాత్రం వాకిట్లో కూర్చుని, క్యారియర్ విప్పకుండా, "ఇంకెన్ని రోజులుండాయి వదినా బడికి?" అని అడిగింది. తొమ్మిది, అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "తొమ్మిది శానా," అని లేచి పోయింది.

లైసెన్సు చేతికొచ్చేసరికి బడికి నాలుగు రోజులే మిగిలినాయి. సోమవారం బడి. మొగుడు మాట తప్పే మనిషి కాదు, ఆదివారం బస్సుకు పోవాలని సామాను మూటలు కట్టడం మొదలుపెట్టినాడు. నాకు కడుపు మండింది. పోయి, "ఏం తమ్ముడూ, ఇంకా టైముంది కదా, అప్పుడే తాళ్ళు బిగిస్తున్నావేంది?" అన్నాను. అతను తలెత్తకుండా, "ఆమె మొహం చూస్తే కట్టలేను అక్కా. ఆమె బయటికి పోయినప్పుడే కట్టుకుంటున్నా," అన్నాడు.

శనివారం పొద్దున ఇంచార్జి ఈమెకు ఒక సంచి ఇచ్చినాడు. ఇరవై ఆరు పార్సిళ్ళు. "చీకటి పడేలోపు తిరిగిరా ఆంటీ, చూద్దాం" అన్నాడంట. నా స్కూటీ మీద, నా హెల్మెట్ పెట్టుకుని పోయింది. నేను కాలేజీకి సెలవు పెట్టి వీధి అరుగు మీద కూర్చున్నాను. ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేకపోయినాను.

పొద్దు గుంకేసరికి వచ్చింది. మొహమంతా దుమ్ము. హెల్మెట్ తీసి, ముందు నీళ్ళు తాగి, చెప్పడం మొదలుపెట్టింది. మ్యాపు చూపించిన చోట ఇల్లు లేదంట, ఫోనును సంచిలో వేసి బోరింగు దగ్గర ఆడవాళ్ళను అడిగిందంట, అంతే, చకచకా దొరికినాయంట. ఒక అవ్వ ఓటీపీ చెప్పనన్నదంట. "టీవీలో చెప్పొద్దన్నారే, నువ్వు దొంగవైతే?" అన్నదంట. "చెప్పొద్దులే అవ్వా, నువ్వే నొక్కు," అని ఫోను ఆ అవ్వ చేతికే ఇచ్చిందంట. అవ్వ నొక్కి, మజ్జిగ ఇచ్చిందంట. ఒకాయన, "ఆడమనిషివి, నువ్వు తెచ్చినావేంది?" అంటే, "లోపలుండేది ఆడోళ్ళ చీరే గదన్నా, నేను తెస్తే తప్పేంది?" అన్నదంట.

"కథలు ఆపవే! పని ఇచ్చినారా లేదా?" అని అరిచినాను.

"ఇచ్చినారు. రేపట్నుంచి రమ్మన్నారు. ఆదివారం గూడా ఉంటాదంట." అని, సంచిని తిరగేసి దులిపి చూపించింది, ఒక్కటీ మిగలలేదని. "వదినా, బండి ఇంకొన్ని నెలలు నాదగ్గరుంటే నువ్వు కాలేజీకి నడుస్తావా?"

"నడుస్తానే. నడిస్తే నాకే మంచిది, చూడు నా ఒళ్ళు," అన్నాను.

ఆ తర్వాత ఆమె ఆ ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేసింది. మొదటి ఏడే సొంత బండి కొనుక్కున్నది. కూతురు పదీ, ఇంటరూ ఇక్కడే పూర్తి చేసింది. పొదిలిలో కొత్తగా ఆఫీసు పెట్టినప్పుడు దాన్ని చూసుకోమని ఈమెను పంపినారు. పోయింది. ఊరు విడవనని మంకుపట్టు పట్టిన మనిషి కదా అని కొందరు ఎగతాళి చేసినారు. వాళ్ళకు నేనే సమాధానం చెప్పినాను, బాగానే చెప్పినాను. ఆమె పట్టు ఊరు కోసం కాదు, పిల్ల చదువు కోసం. ఆ తేడా తెలియనివాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు.

అయితే ఆమెను తలచుకున్నప్పుడు నాకు పొదిలి ఆఫీసు కళ్ళ ముందుకు రాదు, ఆ శనివారం సాయంత్రమే వస్తుంది. మేమిద్దరం అరుగు మీద మాట్లాడుకుంటుంటే ఆమె మొగుడు లోపల్నుంచి అంతా విన్నాడు. బయటికి వచ్చి, ఫోను తీసి హైదరాబాదులో తమ్ముడికి చేసినాడు. మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి, వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పినాడు.

"ఒరే, మేము రావడం ల్యా. మీ వదినకు ఉద్యోగం వచ్చింది. ఆఁ, ఉద్యోగమే. ఆఫీసులో. లైసెన్సు గూడా ఉంది."

అన్ని రోజులూ మేమందరం పని, పని అనే అన్నాం. ఉద్యోగమన్నది అతనొక్కడే. పెట్టేసి, వెంటనే అర్ధవీడులో అత్తగారికి చేసి మళ్ళా అదే చెప్పినాడు. గనిలో తనతో పనిచేసినవాడికి చేసినాడు. ఎవరికో నాలుగో ఫోను కలుపుతుంటే, దుమ్ము మొహం కొంగుతో తుడుచుకుంటూ ఆమె అరిచింది:

"ఫోన్లు చాల్లే గానీ, ముందు ఆ పెద్ద మూట విప్పు. పిల్ల పుస్తకాలు అడుగున పెట్టినావు, ఎల్లుండి బడి."